లేసుముడి

“వెళ్ళి నాన్న బూటు లేసు కట్టవే!” అడ్డంగా కట్టిన తాడుకి ఇవతలి నుంచి తల్లి కేకేసింది.

తాడుకి అవతల నిలబడ్డ కూతురు అక్కడ జరుగుతున్న పోటీకి వాలంటీరు. “బయటివాళ్ళు చెయ్యేస్తే నాన్నని తీసేస్తారమ్మా. ఈతా, సైకిలూ, పరుగూ, మధ్యలో బూట్లూ అన్నీ ఎవరివి వాళ్ళే చూసుకోవాలి.”

“ఏడాదిగా రోజూ పొద్దున్నే నేనే కడుతున్నా. అప్పుడు లేని రూలు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?”

పక్షవాతం నుంచి కోలుకున్న ఆయన, సముద్రంలో ఈది అందరికంటే ఆఖరున ఒడ్డెక్కాడు. మిగతావాళ్ళ సైకిళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఆయన మాత్రం తన సైకిలు పక్కన కూలబడి, లేసు కొసలు రెండూ పట్టుకుని చూస్తున్నాడు.

“వేళ్ళు ఆడటం లేదాండీ?” ఆవిడ గొంతు పెంచింది.

“బాగానే ఆడుతున్నాయే. ఎలా కట్టాలో మర్చిపోయాను. నన్నెప్పుడు కట్టుకోనిచ్చావు గనక?”

ఆవిడ గబుక్కున ఇసుకలో చతికిలబడి తన బూటు లేసు విప్పింది. “ఇటు చూడండి, నెమ్మదిగా చూపిస్తాను.”

కూతురు చూడనట్టు సముద్రం వైపు తిరిగింది.

ఆవిడ ఒక మడత పెట్టింది. రెండో కొసని దాని చుట్టూ తిప్పింది. అక్కడ వేళ్ళు ఆగిపోయాయి. రోజూ కళ్ళు మూసుకుని కట్టేసే ముడి, నెమ్మదిగా కట్టబోతే ఆవిడకీ అంతుచిక్కలేదు.

“తర్వాత?” అన్నాడాయన, ఆశగా మెడ చాచి.