నీలం కప్పు

ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, వరదలో మునిగిన వాడకు మ్యాపు గీస్తున్నాను. జీతం లేని పనే, కానీ మేం గీసిన ఇళ్ళకే తెల్లారి పడవలు వెళ్తాయి.

సాయంత్రం డ్రోను తీసిన ఫొటోలో, నీళ్ళ మధ్య ఒక రేకుల ఇల్లు. పైన నీలం టార్పాలిన్. దాని మీద ఒక ముసలమ్మ, ఒక మగమనిషి, ఎర్ర దుప్పటి కప్పుకున్న ఆడమనిషి. ఇల్లు గీశాను. మా పని సరిచూసే పెద్దమనిషి చెరిపేశాడు. మళ్ళీ గీశాను, మళ్ళీ చెరిపేశాడు. ఒళ్ళు మండి ఫోన్ చేశాను.

"టార్పాలిన్ ఉంటే గుడారం కింద లెక్క మేడమ్. గుడారాలు గీయకూడదు, రూలు."

"కింద రేకులున్నాయి, పైన మనుషులున్నారు! మీ రూలు మునగదులెండి, మునిగేది వాళ్ళు."

అతను తాపీగా ఆవలించాడు. నేను ఫొటో వైపు తిరిగాను. ముసలమ్మ లేదు.

"ఫొటో మార్చారా?"

"ఉన్నది ఆ ఒక్కటే కదండీ. సరే, పైవాళ్ళని అడిగి పొద్దున చెప్తాను."

ఆ మాట పూర్తయ్యేసరికి మగమనిషి కూడా లేడు. ఫ్రిజ్ మోత ఆగిపోయింది. మిగిలిన ఆడమనిషి తలెత్తి సూటిగా నావైపే చూస్తోంది.

"పొద్దున కాదు సార్! మీకు దండం పెడతాను, ఇప్పుడే ఒప్పుకోండి."

అవతల మౌస్ నొక్కిన చప్పుడు.

"ఊరికే నామీద ఎగిరారు మేడమ్," అన్నాడు నొచ్చుకుంటూ. "ఇప్పుడే చూశాను. కప్పు మీద ఎవరూ లేరుగా."