ముకుందరావు నగర్

"ఈ సర్కారు జాగాలో గుడిసె వేసుకోమని నీకెవరు చెప్పారు?" జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగారు.

బోనులో నిలబడ్డ చంద్రమ్మ కొంగు సవరించుకుంది. ఫలక్‌నుమా రైలు పట్టాల పక్కన బస్తీలో మొదటి గుడిసె ఆమెదే.

"ముకుందరావు వకీలన్న చెప్పిండు సారూ. పందొమ్మిది వందల అరవై ఏడుల ఎలచ్చన్లల్ల గెలిచి మా ఎమ్మెల్యే అయినంక."

"పట్టా ఇచ్చాడా?"

"అడిగినం. పట్టా ఎందుకు, బస్తీకి నా పేరు పెట్టుకోండ్రి, ఏ పోలీసోడు చెయ్యి వెయ్యడన్నడు. బోర్డు తనే కొట్టిండు. సుత్తె బొటనేలికి తగిలితే నా కొంగు చింపి పసుపు కట్టిన. మా ఇంట్ల జొన్నరొట్టె తిని, ఫికర్ చెయ్యకు చెల్లే, నేనున్న అన్నడు. ఓడిపోయినంక మల్ల బస్తీ మొకం చూడలే."

"ఉత్త మాటలు చెల్లవు. ఆయన్ని సాక్ష్యానికి పిలిపించగలవా?"

చంద్రమ్మ జడ్జిగారి వంక చాలాసేపు చూసింది. ఆయన చూపు కాగితాల మీది నుంచి కదల్లేదు.

"ఏడికెల్లి పిలిపిస్త సారూ? ఆ అన్న సచ్చిపోయిండు."

రాసుకుంటున్న గుమాస్తా కలం ఆగిపోయింది. అతను భయంభయంగా జడ్జిగారి ముఖంలోకి చూశాడు.

"రాయవయ్యా. ఆమె చెప్పింది చెప్పినట్టే రాయి," అన్నారు జడ్జిగారు.

వారంలోగా బస్తీ ఖాళీ చెయ్యాలని తీర్పు చదివి వినిపించారు. ఆ తర్వాత పెన్ను మూత తీసి, దాని కింద నెమ్మదిగా సంతకం పెట్టారు.

కె. ముకుందరావు.