వంటగదిలో ఆరిన లైటు

కాకినాడలో కింది అంతస్తులు సముద్రంలో మునిగి ఇరవై ఏళ్లయింది. ఆ గదుల్లోకి దిగి మంచినీటి పైపులు బాగుచేసే నూకరత్నానికి, కొత్తగా వచ్చిన డైవింగ్ లైట్లను పరీక్షించే పని కూడా అప్పగించారు.

"రెండు గంటలు వెలుగుతాయంట. సంతకం పెట్టెయ్యి రత్నం," అన్నాడు సూపర్‌వైజర్ భాస్కరం.

"దిగి చూశాక పెడతానండి."

నలభై నిమిషాలకే, మునిగిన వంటగదిలో లైటు ఆరిపోయింది. భయాన్ని అదిమిపెట్టి, చీకట్లో గోడలు తడుముకుంటూ ఆమె పైకి తేలింది.

"ఒక్కటి పాడైతే ఏమైందిప్పుడు? మిగతావి బాగానే ఉంటాయిలే," అన్నాడు భాస్కరం.

నూకరత్నం పెట్టెలోంచి ఇంకో లైటు తీసి అతని చేతిలో పెట్టింది. "అయితే ఈసారి మీరు దిగండి. నేను పైన తాడు పట్టుకుంటాను."

భాస్కరం నల్లటి నీళ్లకేసి చాలాసేపు చూశాడు. తర్వాత పెట్టె మూసి, దానిమీద తానే 'వాపసు' అని రాశాడు.

"పై అంతస్తుల వాళ్లకి పొద్దున్నించీ నీళ్లు లేవండి," అంటూ ఆమె తన పాత లైటుతో మళ్లీ దిగింది.