కొరియా సంతలో పెసరట్టు

“మొహం అలా చిట్లిస్తే ఎలాగయ్యా? ఇష్టంగా తింటున్నట్టు కనబడాలి. మళ్ళీ తిను,” అంది సుకుమారి.

రెండు పుల్లల మధ్య నుంచి జారిపోతున్న ఎర్రటి బియ్యప్పిండి ముక్కను రాజేందర్ ఎలాగో నోట్లో పెట్టుకున్నాడు. కారమూ తీపీ ఒక్కసారే తగిలాయి. ఈసారి మొహం మార్చకుండా మింగాడు.

“దీని పేరు?” అడిగిందామె.

“తొక్‌పొక్కి.”

“పుల్లకు గుచ్చింది?”

“ఓముక్. చాపలు నూరి చేస్తరు.”

“మరి ఇది?”

“బిందేతొక్. గిది మాత్రం మన పెసరట్టేనక్కా!”

సుకుమారి నవ్వింది. దోహా నగరంలో, ఉమ్ ఘువైలినా పేటలోని ఆమె ఇరుకు వంటింట్లో అది అతనికి నాలుగో శుక్రవారం. ఆమెది భీమవరం దగ్గర పల్లె. ఇక్కడే ఒక కొరియా కుటుంబానికి తొమ్మిదేళ్ళు వంట చేసింది. ఒకసారి వాళ్ళతోపాటు సియోల్ వెళ్ళి, అక్కడి పాత సంతలో బెంచీ మీద కూర్చుని ఇవన్నీ తిని వచ్చింది. పెనాల వెనక కూర్చున్న ముసలమ్మల గురించీ, తిరగలిలో పెసరపప్పు విసిరే చప్పుడు గురించీ ఆమె చెబుతుంటే రాజేందర్‌కు తానే అక్కడ ఉన్నట్టుండేది.

అతనిది జగిత్యాల పక్కన ఊరు. బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంప్‌లో ఉంటూ మూడేళ్ళుగా పైపుల పని చేస్తున్నాడు. వచ్చే నెలాఖరుకు కంపెనీ మూసేస్తున్నారు, క్యాంప్ ఖాళీ చేయమన్నారు. అప్పుడే ఏజెంటు ఈరన్న కొరియా మాట ఎత్తాడు. టూరిస్టులుగా వెళ్ళి, అక్కడ తోటల్లో పనికి దిగిపోవడం. మొత్తం అయిదుగురికే చోటు. దోహాలోనే వీసా ఇంటర్వ్యూ. మిగతా నలుగురూ చదువుకున్నవాళ్ళు, ఎలాగో గట్టెక్కుతారు. “సంత తిండి తినేటందుకు పోతున్న అని చెప్పు. నమ్మేటట్టు చెప్పాలె. సుకుమారి దగ్గర నేర్చుకో,” అని రాజేందర్‌ను పంపింది ఈరన్నే.

“ఆఖర్న ఒక్క ముక్క వాళ్ళ భాషలో చెప్పు. ఇట్టే కరిగిపోతారు,” అంది సుకుమారి. “షిజాంగె ఇల్హారొ గాయో. అంటే, సంతకు తినడానికి వెళ్తున్నాను అని.”

రాజేందర్ ఆ మాటను డ్యూటీ బస్సులో గొణిగాడు, స్నానాల లైన్లో గొణిగాడు, ఫోన్లో భార్యకూ వినిపించాడు.

“దుబాయ్‌ల గిట్లనే మాట్లాడ్తరా?” అంది రాణి.

“దుబాయ్ గాదే, కొరియా!”

“మా వాడకట్టంత చెప్పిన, నువ్వు కొరియా పోతున్నవని,” అంది ఆమె, గొంతులో సంబరం దాచుకోలేక.

ఇంటర్వ్యూ రోజు రాజేందర్ తడబడలేదు. తిండి పేర్లన్నీ వరసగా చెప్పాడు. కౌంటర్ అవతలి కొరియా ఆఫీసర్ ముచ్చటపడి వింటున్నాడు. ఇదే సమయమనుకుని రాజేందర్ నవ్వుతూ అన్నాడు: “షిజాంగె ఇల్హారొ గాయో.”

ఆఫీసర్ రాస్తున్న పెన్ను ఆగింది. మళ్ళీ చెప్పమన్నాడు. రాజేందర్ ఇంకా స్పష్టంగా చెప్పాడు.

పక్కనున్న దుబాసీ హిందీలో అడిగాడు. “సంతలో పని చేయడానికి వెళ్తున్నానంటున్నావు. నిజమేనా?”

పాస్‌పోర్టు వెనక్కి వచ్చేసింది.

అతను తిన్నగా సుకుమారి ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన ఆమె అతని మొహం చూసి పక్కకు జరిగింది.

“తినుడు అంటే ‘మొగురొ’ అనాల్నట. నువ్వు పని అని నేర్పినవు. మర్చిపోయినవా అక్కా, తెలిసే చెప్పినవా?”

“తెలిసే చెప్పాను.”

“నేనేం పాపం చేసిన నీకు?”

ఆమె గుడ్డ తీసుకుని స్టవ్ గట్టు తుడిచింది. తర్వాత గోడకేసి చూస్తూ చెప్పింది.

“మా ఆయన ఏబెల్ ఆ దోవనే వెళ్ళాడు తమ్ముడూ. రెండేళ్ళయింది. ఇదే టూరిస్టు వేషం. పుట్టగొడుగుల షెడ్డులో పనికి పెట్టారు. మంచు బరువుకు షెడ్డు కూలి మీద పడింది. కాగితాల్లేని మనిషి కదా, ఎవరు వెళ్ళి అడుగుతారు? నలభై రోజుల తర్వాత పెట్టెలో పంపారు.”

ఆమె బోసి మెడనూ బోసి నుదుటినీ చూసి ఇన్నాళ్ళూ క్రైస్తవుల పద్ధతి కాబోలనుకున్నాడు రాజేందర్. అతని కోపమంతా నీరైపోయింది.

“మరి ఆ నలుగురికి ఎందుకు చెప్పలే?”

“వాళ్ళు నా వంటింట్లో కూర్చుని తినలేదుగా,” అందామె కళ్ళొత్తుకుంటూ.

రాజేందర్ వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. “నా పానం కాపాడినవక్కా. నేనే నిన్ను తప్పువట్టిన.”

రెండు వారాల్లో అతని ఇంటి టికెట్టు వచ్చింది. వాడకట్టులో ఏం చెప్పుకోవాలని రాణి ఫోన్లో అడిగింది. బట్టలు సర్దుకుంటుంటే అతనికి ఆ నలుగురూ గుర్తొచ్చారు. వాళ్ళకూ పెళ్ళాం పిల్లలున్నారు. తెలిసీ చెప్పకపోతే ఆ ఉసురు తనకే తగులుతుందనిపించింది. పెట్టె అలాగే వదిలేసి బస్సెక్కి ఈరన్న గదికి వెళ్ళాడు.

ఈరన్న బల్ల మీద పాస్‌పోర్టులు సర్దుతున్నాడు.

“అన్నా, నీ కాల్మొక్త, ఆళ్ళను పంపకు,” అన్నాడు రాజేందర్ రొప్పుతూ. “గా పనిల మనుషులు సచ్చిపోతుండ్రు. సుకుమారక్క మొగుడు ఆడనే పోయిండు.”

“ఎవరు, ఏబెలా?” ఈరన్న ఉలిక్కిపడ్డాడు. “ఎప్పుడు?”

“రెండేండ్లాయె. అక్కనే ఏడ్సుకుంట చెప్పింది.”

ఈరన్న అతనికేసి వింతగా చూశాడు. నవ్వబోయి ఆగిపోయాడు. బల్ల మీద నుంచి అయిదో పాస్‌పోర్టు తీసి, ఫొటో ఉన్న పేజీ తెరిచి ముందుకు జరిపాడు.

“నీ జాగల పోయేది ఆయనే రాజేందరూ.”