గోళ్లలో మట్టి

"మందు మరీ చేదుగా ఉందా?" అంటూ తోటమాలి భార్యకు నీళ్లందించాడు.

ఆమె గ్లాసు వదిలి అతని వేళ్లు పట్టుకుంది. "మీ గోళ్లలో మట్టేదీ?"

"కడుక్కున్నా."

"ముప్పయ్యేళ్లుగా ఎంత కడిగినా పోలేదు. ఇప్పుడెలా పోయింది? పని మానేశారా?"

అతను తలొంచుకున్నాడు. "ఆపరేషన్ చేసి మార్పించిన నీ ఊపిరితిత్తుల్లో బూజు చేరిందన్నారుగా డాక్టరు. ఆకు ఎరువు దుమ్ములో ఉంటుందట. నా బట్టలకంటుకునే వచ్చుంటుంది. అందుకే మానేశా."

"మరి రోజూ పొద్దున్నే పనికంటూ ఎక్కడికెళ్తున్నారు?"

"తోట దాకానే. గేటు బయట నిలబడి, కొత్త మాలి మొక్కలకి నీళ్లు సరిగ్గా పెడుతున్నాడో లేదో చూసొస్తా."

ఇల్లు కదలకూడని తనొక్కతే ఒంటరిదని ఇన్నాళ్లూ అనుకుంది ఆమె. పట్టుకున్న చెయ్యి వదల్లేకపోయింది.