మలుపు తిరగని మేడ

జడ్జిగారి పాత మేడను కూల్చకుండా చక్రాల మీదికెక్కించి పార్కుకు తరలించాలని మున్సిపాలిటీకి ముచ్చట పుట్టింది. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, ఇంజినీరు రోడ్డంతా కొలిచాడు గానీ మలుపు కొలవలేదు. మేడ మా ఇంటి దగ్గర ఇరుక్కుంది.

“మీ ఇల్లు తీసేస్తే సరిపోతుందమ్మా,” అన్నాడు ఇంజినీరు.

“ఇది మా మామగారు తన చేత్తో కట్టుకున్న ఇల్లు బాబూ,” అంది నాయనమ్మ.

“మీ మామగారి సంగతి మాకెందుకు? ఆ మేడ చరిత్ర, ఇది ఉత్త ఇల్లు.”

మధ్యాహ్నానికి మా మంచాలు రోడ్డున పడ్డాయి, ఇల్లు నేలమట్టమైంది. మేడ దర్జాగా మలుపు తిరిగింది.

సాయంత్రం పార్కులో ఛైర్మన్ మైకు పట్టుకుని, “ఈ మేడ కట్టిన మేస్త్రీ ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు, అదే మా బాధ,” అంటూ రాని కన్నీళ్లు తుడుచుకున్నాడు.

నాయనమ్మ లేచింది. “పొద్దుటిదాకా ఉంది నాయనా, మా మామగారి ఇల్లు. మీరే కూల్చారు.”