కరిచే కుక్క

"ఇంట్లో కుక్క ఉందా?" అని డాక్టరు పుష్పలతను అడిగాడు.

"ఉంది సార్," అన్నాడు పక్కనే నిలబడ్డ భర్త దుర్గయ్య.

1991 ఎండాకాలం. మూడు నెలల కింద సూర్యాపేటలోని ఆ ఆసుపత్రిలోనే ఆమె కడుపు కోసి, పగిలిపోయిన ప్లీహాన్ని తీసేశారు. పాలు పిండుతుంటే బర్రె తన్నిందని దుర్గయ్య అప్పుడే కాగితం మీద రాయించాడు. పాలకీడు నుంచి భార్యను నెలనెలా బస్సులో తెచ్చి సూది వేయించే మగాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. డాక్టరు ఏమడిగినా ఆమెకంటే ముందు జవాబు చెప్పేదీ అతనే.

"రక్తంలో చేరిన క్రిముల్ని ప్లీహం ఏరిపారేస్తుందమ్మా. మీకది లేదు. కుక్క కరిచినా, పుండు మీద నాకినా మీకు ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం వస్తే రేపు చూద్దామనుకోకుండా వెంటనే రావాలి."

"దాన్ని పంపిచ్చేస్త సార్."

"పంపమనలేదయ్యా. గాయాలు లేకుండా చూసుకుని, చేతులు కడుక్కుంటే చాలు. కరిచే కుక్కా?"

దుర్గయ్య పంచె పైకెత్తి కుడి పిక్క చూపించాడు. నాలుగు పళ్ల గాట్లు నల్లగా మానివున్నాయి.

"ఈమె కొట్టంల పడ్డనాడే సార్. లొల్లికి బెదిరి నా మీద పడ్డది. బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులేసిండ్రు."

"అది ఎవర్నీ కరవది సార్..." అంది పుష్పలత.

"నీకేమెర్క? సార్ చెప్పేది ఇను."

ఆమె మందుల చీటీ తీసుకుని లేచింది.

ఇల్లు చేరాక మాత్రం బతిమాలింది. "సబ్బుతోని చేతులు కడుక్కుంట. దగ్గరికి రానియ్య. కొట్టంల కట్టేద్దం. అది లేకుంటె నేనుండలేను."

"అది ఉంటె నువ్వే ఉండవు."

కుక్క మోతి అతని గొంతు విని గడపలోంచి లేచి గుర్రుమంది.

"సూసినవా? మళ్ల కరిసేటట్టే ఉన్నది," అన్నాడు దుర్గయ్య, వాకిట్లో అందరికీ వినబడేలా.

ఎదురింటి రాజమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "పెట్టి పుట్టినవే పిల్లా! నాకు జరమొస్తె మా ముసలాయన గిలాసెడు నీళ్లు ఇయ్యలె. గిసుంటి మొగడు దొరికితె కుక్క కోసం ఏడుస్తరా?"

ఊరంతా అదే మాట. ఆమె బాధ చెప్పుకుందామంటే వినే మనిషి లేకుండాపోయాడు. చివరికి, ఎక్కడో వదిలేసే బదులు తన పుట్టిల్లు వాడపల్లికైనా పంపమని కాళ్లు పట్టుకుంది. దానికి ఒప్పుకున్నందుకు కూడా ఊరు దుర్గయ్యనే మెచ్చుకుంది.

ఆదివారం తమ్ముడు వెంకటేశ్వర్లు ట్రాక్టరు వేసుకొచ్చాడు. కొట్టంలో నెమరు వేస్తున్న బర్రెను చూసి ఆగిపోయాడు.

"ఇదేంది బావా, తన్నిన బర్రెను ఉంచుకొని కుక్కను పంపుతున్నవ్?"

"బర్రె పాలిస్తది. కుక్క ఏమిస్తది?" అని నవ్వాడు దుర్గయ్య. "నాకు నా పెండ్లం పానం ముఖ్యమోయ్. ఉండు, తాడు తెస్త," అంటూ పెరట్లోకి నడిచాడు.

మోతి తోక ఆడిస్తూ వెంకటేశ్వర్లు చుట్టూ తిరిగింది. వాడు దాని నోట్లో వేళ్లు పెట్టినా పెదవితో పట్టి వదిలేసింది.

"నా పిల్లలు దీని మీదెక్కి ఆడిండ్రక్కా. ఒక్కనాడు పన్ను దిగలె," అన్నాడు వాడు.

పుష్పలత తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. ఎక్కడా గీత లేదు. మోతి ముందు కూర్చుని అరచేయి చాపింది. అది ఆబగా నాకింది. డాక్టరు చెప్పినప్పటి నుంచి దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఊకో అక్కా. మా ఇంట్ల మంచిగనే చూసుకుంట."

"దాని గురించి కాదు తమ్మీ, నా గురించే నా భయం."

వాడికి అర్థం కాలేదు. "మరి గింత మంచి కుక్క బావ కాలునే ఎందుకు కరిసింది?"

పెరటి వైపు ఓసారి చూసి, ఆమె గొంతు తగ్గించింది.

"ఆనాడు నన్ను తన్నింది ఆ కాలే."